ఆదివారం బడికి ఆద్యుడు.. రాబర్ట్ రైక్స్

ఆదివారం వచ్చిందంటే చాలు, చర్చి పక్క గదిలో పిల్లల సందడి మొదలవుతుంది. పాటలు, కంఠత వాక్యాలు, బైబిల్ కథలు.. సండే స్కూల్ అంటే పిల్లలకి పండగే. పసివాళ్లకి ఆరాధనలో ఇంత చోటు దొరకడం వెనుక ఓ పత్రికా సంపాదకుడి పట్టుదల ఉంది. ఆయనే రాబర్ట్ రైక్స్.

రైక్స్ 1736 సెప్టెంబరు 14న ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో పుట్టారు. తండ్రి ‘గ్లౌస్టర్ జర్నల్’ అనే వారపత్రిక నడిపేవారు. 1757లో ఆయన కన్నుమూయడంతో పత్రిక బాధ్యత కొడుకు మీద పడింది. రైక్స్ వార్తలు రాసి ఊరుకునే మనిషి కాదు. ఊళ్లోని జైలుకి వెళ్లి ఖైదీల కష్టసుఖాలు చూసేవారు. తిండిలేని వాళ్లకి తిండి పెట్టించారు. చదువొచ్చిన ఖైదీలతో రానివాళ్లకి పుస్తకాలు చదివించారు. ఏళ్ల తరబడి పాటుపడినా, విడుదలైన వాళ్లలో చాలామంది మళ్లీ జైలుకే వచ్చేవారు. పెద్దయ్యాక దిద్దడం కంటే చిన్నప్పుడే దారిలో పెట్టడం మేలని అప్పుడే ఆయనకి తట్టింది.

గుండుసూదుల పిల్లలు

గ్లౌస్టర్ అప్పట్లో గుండుసూదుల తయారీకి పేరుపొందిన ఊరు. పేదింటి పిల్లలు వారంలో ఆరు రోజులూ అక్కడే పని చేసేవారు. ఆదివారం సెలవు. ఆ రోజు చిరిగిన బట్టలతో వీధుల్లో పడి అల్లరి, తిట్లు, కొట్లాటలు. చర్చికి వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినా ప్రార్థన పుస్తకం చేతికిస్తే చదవడం రాదు. పెద్దలు చదువుతుంటే బిక్కమొహం వేసుకుని కూర్చోవాల్సిందే.

రైక్స్ ఆ లోపాన్నే పట్టుకున్నారు. అక్షరం వస్తేనే ఆరాధన అర్థమవుతుందని నమ్మారు. థామస్ స్టాక్ అనే పాదిరి తోడయ్యారు. 1780లో సూటీ ఆలీ అనే మురికి సందులో మెరెడిత్ అనే ఆమె ఇంట్లో తొలి బడి మొదలైంది. పిల్లల అల్లరికి ఆమె తట్టుకోలేకపోవడంతో బడి క్రిచ్లీ అనే మరొకామె ఇంటికి మారింది. చదువు చెప్పే మహిళలకి రోజుకి ఒక షిల్లింగు చొప్పున ఇచ్చేవారు.

మంచి బట్టల్లేవని కొందరు పిల్లలు రావడానికి సిగ్గుపడ్డారు. రైక్స్ పెట్టిన షరతు ఒక్కటే. మొహం, చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వస్తే చాలు. ఉదయం 10 నుంచి 12 వరకు చదువు. ఇంటికెళ్లి ఒంటిగంటకి మళ్లీ రావాలి. ఓ పాఠం చదివాక అందరినీ చర్చికి తీసుకెళ్లేవారు. ఆరాధన అయ్యాక సాయంత్రం అయిదున్నర దాకా మతబోధ ప్రశ్నోత్తరాలు వల్లె వేయించేవారు. చప్పుడు చేయకుండా ఇంటికెళ్లాలని చెప్పి పంపేవారు. బాగా నడుచుకున్న వాళ్లకి పుస్తకాలు, దువ్వెనలు, చెప్పులు బహుమతి.

ఎగతాళి.. ఎదురుదాడి

మూడేళ్లు ఈ సంగతి పత్రికలో రాయలేదు. ఫలితం కనబడ్డాకే, 1783 నవంబరు 3న తన పేరు లేకుండా చిన్న వార్త వేశారు. దాంతో దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1785లో లండన్ వ్యాపారి విలియం ఫాక్స్ చొరవతో సండే స్కూల్ సొసైటీ ఏర్పడింది. మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ మెచ్చుకున్నారు.

మెచ్చనివాళ్లూ లేకపోలేదు. విశ్రాంతి దినాన బడి ఏమిటని కొందరు భక్తులే మండిపడ్డారు. పేదలకి చదువొస్తే మాట వినరని మరికొందరు భయపడ్డారు. ఫ్రాన్స్ విప్లవం తర్వాత ఆ భయం మరీ ఎక్కువైంది. అయినా బడులు ఆగలేదు. 1831 నాటికి బ్రిటన్‌లో సుమారు పన్నెండున్నర లక్షల మంది పిల్లలు వీటికి వెళ్లేవారు. ఆదివారం బడి పూర్తిగా రైక్స్ కనిపెట్టిందేమీ కాదు. హై వికమ్‌లో హానా బాల్ అనే మహిళ 1769లోనే నడిపారు. దాన్ని ఉద్యమంగా మార్చిన ఘనత మాత్రం రైక్స్‌దే.

1811 ఏప్రిల్ 5న ఆయన కన్నుమూశారు. తన అంత్యక్రియలకి వచ్చే బడి పిల్లలకి తలా ఒక షిల్లింగు, ఓ కేకు ఇవ్వాలని ముందే చెప్పి ఉంచారు. అలాగే ఇచ్చారు. లండన్ థేమ్స్ ఒడ్డున ఆయన విగ్రహం నేటికీ ఉంది.

సరిహద్దు అవతలి తెలుగు సంఘాలకి ఈ కథలో పనికొచ్చే మాట ఒకటుంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదివే మన పిల్లలకి తెలుగు పాట వినబడుతుంది, పాటల పుస్తకం మాత్రం చదవడం రాదు. పెద్దలు పాడుతుంటే వాళ్లూ ఆ గ్లౌస్టర్ పిల్లల్లాగే పక్కచూపులు చూడాల్సి వస్తుంది. వారానికో అరగంట సండే స్కూల్లో అఆలు దిద్దిస్తే ఆరాధనా అందుతుంది, అమ్మభాషా నిలుస్తుంది.