కత్తి ఎక్కడ పట్టకూడదో చెప్పిన వైద్యుడు

దోహాలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేస్తున్నాను. మన తెలుగువాళ్లు పండగలకు కలిసినప్పుడు ఒకప్పుడు నన్ను బీపీ గురించి, పిల్లల టీకాల గురించి అడిగేవారు. ఇప్పుడు కళ్ల కింద గుంటలకు ఫిల్లర్ వేయించుకోవచ్చా అక్కా, నుదుటి గీతలకు బొటాక్స్ మంచిదేనా అని అడుగుతున్నారు. ఇండియాలో పెళ్లి ఉంది, ఈలోపే అయిపోవాలని తొందర. వాళ్లకు నేను వెయ్యేళ్ల కిందటి ఒక వైద్యుడి కథ చెబుతుంటాను. మనం బతుకుతున్న ఈ అరబ్ నేల మీద ఆయనది ఎంతో గౌరవమున్న పేరు. మన ఇళ్లలో మాత్రం సుశ్రుతుడు తెలిసినంతగా ఆయన తెలియదు.

ఆయన పేరు అబూ అల్ ఖాసిమ్ అల్ జహ్రావీ. స్పెయిన్‌లో అరబ్బుల పాలన సాగుతున్న రోజుల్లో, 936 ప్రాంతంలో, కార్డోబా పక్కనే ఉన్న మదీనత్ అల్ జహ్రాలో పుట్టారు. ఆ ఊరి పేరే ఇంటిపేరయింది. పూర్వీకులు అరేబియాలోని మదీనా నుంచి వెళ్లిన అన్సారీలు. అంటే ఆయనదీ ఒక రకంగా వలస కుటుంబమే. ఆయన సొంత జీవితం గురించి మిగిలిన వివరాలు చాలా తక్కువ. 1010 ప్రాంతంలో అంతర్యుద్ధంలో ఆయన పుట్టిన నగరం నేలమట్టమైంది. మరో మూడేళ్లకు, 1013 ప్రాంతంలో, ఆయన కన్నుమూశారు. ఊరు పోయినా పుస్తకం నిలిచింది.

ఆ పుస్తకం పేరు అల్ తస్రీఫ్. మొత్తం 30 భాగాలు. దాదాపు 50 ఏళ్ల వైద్య అనుభవాన్ని క్రీ.శ. 1000 ప్రాంతానికి అందులో పెట్టారు. 19వ భాగం సుగంధాలు, సౌందర్య సాధనాల గురించి. అంటే అందం మీద ఆశను ఆయన చిన్నచూపు చూడలేదు, అదీ వైద్యంలో భాగమే అనుకున్నారు. చివరిదైన 30వ భాగం శస్త్రచికిత్సకు కేటాయించారు. అందులో సుమారు 200 పరికరాల బొమ్మలున్నాయి. వాటిలో కొన్నిటి రూపం చూస్తే, రోజూ నేను ట్రేలో సర్దే పనిముట్ల ముత్తాతల్లా అనిపిస్తాయి.

నేటి ప్లాస్టిక్ సర్జరీలో కనిపించే పనులు ఆ భాగంలో చాలానే ఉన్నాయి. వాలిపోయిన కనురెప్ప మీద ఎక్కువైన చర్మాన్ని ఆకు ఆకారంలో కోసి కుట్టడం, చీలిన ముక్కును, పెదవిని, చెవిని కలిపి కుట్టడం, మగవారికి స్త్రీలకు మల్లే రొమ్ము పెరిగి ఇబ్బంది పెడితే కొవ్వు తీసి సరిచేయడం వివరించారు. రొమ్ము జారిపోయి ఉంటే అదనపు చర్మాన్ని ఎలా తీయాలో కూడా రాశారు. ఊడిన పంటి స్థానంలో ఎద్దు ఎముకతో చేసిన పన్నును బంగారు తీగతో కట్టడం, జంతువుల పేగు నుంచి తీసిన దారంతో లోపలి కుట్లు వేయడం కూడా ఆయన పుస్తకంలో ఉన్నాయి.

నాకు నచ్చేది మాత్రం ఈ నేర్పు కంటే ఆయన నిజాయతీ. శస్త్రచికిత్స భాగం మొదట్లోనే, శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టినవాళ్ల చేతుల్లో జరిగిన అనర్థాలను వరసగా చెప్పారు. ఒక స్త్రీ మెడ మీది గడ్డ కోయబోయి రక్తనాళాలు తెంపితే ఆమె అక్కడికక్కడే చనిపోయింది. ఒక ముసలాయన మూత్రాశయంలో రాయి తీయబోయి మూత్రాశయం ముక్కే ఊడబెరికితే ఆయన మూడు రోజులకు మించి బతకలేదు. బాగా ముదిరిన రొమ్ము క్యాన్సర్‌ను తాను ఒక్కసారి కూడా నయం చేయలేకపోయానని, ఎవరైనా నయం చేయగా చూడలేదని ఒప్పుకున్నారు. విజయాలే రాసుకుంటే ఆయనకు పేరు వచ్చేది. వైఫల్యాలు కూడా రాయబట్టి తరవాతివాళ్లకు ప్రాణాలు కాపాడే పాఠమైంది.

ఇంకో ఉదంతం ఉంది. ఒక పనిపిల్ల కత్తితో గొంతు కోసుకుంది. పిలిస్తే జహ్రావీ వెళ్లి పరీక్షగా చూశారు. శ్వాసనాళం కొంత తెగింది, గాయంలోంచి గాలి వస్తోంది, పెద్ద రక్తనాళాలు తెగలేదు. వెంటనే కుట్టేశారు. గొంతు కాస్త బొంగురుపోయింది తప్ప అమ్మాయి కోలుకుంది. ఊపిరాడని రోగికి గొంతు దగ్గర రంధ్రం చేయడం గురించి పాత పుస్తకాల్లో ఉన్నా, ఆయన ఎవరూ చేయగా చూడలేదు. ఈ ఒక్క రోగిని చూశాకే అందులో అంత ప్రమాదం లేదని రాశారు. కంటితో చూసి, ఫలితం తేలేదాకా ఆగి, ఆ తర్వాతే చెప్పడం. ఇవాళ మనం క్లినికల్ రీసెర్చ్ అంటున్నదానికి మొలక అదే.

శిష్యులను సొంత పిల్లల్లా పిలుస్తూ ఆయన చేసిన హెచ్చరిక కూడా ఇదే దారిలో ఉంటుంది. ఆపరేషన్లు రెండు రకాలు, కొన్నిటిలో మేలుకు నమ్మకం ఉంటుంది, కొన్నిటిలో అపాయమే ఎక్కువ, రెండో రకం జోలికి డబ్బు కోసం పోవద్దని చెప్పారు. 12వ శతాబ్దంలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా ఈ గ్రంథాన్ని లాటిన్‌లోకి తేవడంతో యూరప్ సర్జన్లకు కొన్ని వందల ఏళ్లు ఇదే పాఠ్యపుస్తకమైంది. 1778లో కూడా ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ, లాటిన్ రెండింటిలో అచ్చయింది. అంతకు చాలా ముందే, అబ్బాసీల కాలంలో, మన సుశ్రుత సంహిత కూడా బాగ్దాద్‌లో అరబీలోకి వెళ్లింది. విద్యకు వీసా అక్కర్లేదు!

ఈ కథ విని, ఇప్పుడు మాకేం చేయమంటావు అని అడిగేవాళ్లు ఉంటారు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా కంటిచూపే పోవచ్చు. మెడ మీది గడ్డ కథలో జహ్రావీ భయపడిందీ రక్తనాళం గురించే. కాబట్టి సూది పట్టే మనిషికి ఖతార్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉందో లేదో చూడండి. ఇలాంటివి ఎన్ని చేశారో అడగండి. తేడా వచ్చినప్పుడు ఏం చేస్తారో కూడా అడగండి. ఆ ప్రశ్నకు చిరాకుపడితే లేచి వచ్చేయండి.

ఇక ఇక్కడి ఎండ సంగతి. చర్మం ముందుగా ముడతలు పడటానికి, మచ్చలు రావడానికి ఎండ పెద్ద కారణం. ఆస్ట్రేలియాలో 903 మంది మీద నాలుగున్నరేళ్లు పరిశీలన చేసి 2013లో ప్రచురించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమని చెప్పిన వారిలో, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్నవారితో పోలిస్తే, చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనిపించింది. కత్తీ సూదీ అవసరం లేని వైద్యం ఇది. జహ్రావీ ఉంటే ముందు ఇదే చేయమనేవారని నా నమ్మకం.