ఓరుగల్లును నెల్లూరి రంగస్థలమునకు తెచ్చిన వేదము వేంకటరాయ శాస్త్రి

తెలుగు నాటకమును గురించి పాఠము చెప్పు ఉపాధ్యాయుడెవడును ‘ప్రతాపరుద్రీయము’ను పేర్కొనక ముందునకు సాగజాలడు. పిచ్చివాని వేషమున ఢిల్లీ వీథులలో తిరుగు మంత్రి యుగంధరుడును, రాజు పోలికలు గల చాకలి పేరిగాడును రచయిత పేరు ఎరుగనివారికి సైతము పరిచితులు. అయినను ఆ నాటకము ఏ నేలను గురించినది, ఏ నేలపై నిలిచి వ్రాయబడినది అను ప్రశ్న తరగతిలో అంతగా వినబడదు. ఆ ప్రశ్నను ముందుంచుకొని చూచినచో మహామహోపాధ్యాయ వేదము వేంకటరాయ శాస్త్రిగారి జీవితమునకు మరియొక అర్థము గోచరించును.

శాస్త్రిగారు 1853 డిసెంబరు 21వ తేదీన చెన్నపట్టణమున జన్మించిరి. అప్పటికే తెలుగునేల రెండు ఏలుబడుల క్రింద చీలియుండెను. ఉత్తర సర్కారులు 1766లోను, దత్తమండలములు 1800లోను నిజామునుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినవి. 1801లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు చేతినుండి ఆ కంపెనీకే చేరినది. తెలంగాణము మాత్రము హైదరాబాదు సంస్థానమున నిలిచిపోయినది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు నిజాము రాజ్యమున ఉండగా, వారి రేవుపట్టణమైన మోటుపల్లి మదరాసు రాజధానిలో భాగమైనది. 1947లో పంజాబు, బెంగాలు చీలినప్పుడు లక్షలాది జనులు ఇల్లువాకిళ్లు విడిచి కదలిపోయిరి. తెలుగుదేశమున అట్లు జరుగలేదు. ఇక్కడ జనులు తమ ఊళ్లలోనే యుండిరి. సరిహద్దులే వారి నడుమకు కదలివచ్చినవి. అందుచేత ఆ చీలిక గాయమువలె కనబడలేదు. కాలము గడచినకొలది ఒక ప్రాంతమువారికి మరియొక ప్రాంతము కేవలము పేరుగా మిగిలినది.

శాస్త్రిగారు సంస్కృతాంధ్రములయందు పాండిత్యము సంపాదించి, ఇంగ్లీషు చదువునందును పట్టభద్రులైరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చిరకాలము సంస్కృత పండితులుగా పనిచేసిరి. అవి తెలుగు నాటకము కన్ను తెరచుచున్న దినములు. 1880లో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచేత నాటకము లాడించిరి. ధార్వాడ నాటక సమాజముల ప్రదర్శనములు కోస్తా పట్టణములలోని యువకులకు ఉత్సాహము కలిగించినవి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారును, కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకరచనకు పూనుకొనిరి. శాస్త్రిగారు 1891లో హర్షుని ‘నాగానందము’ను తెనిగించి ఈ రంగమున ప్రవేశించిరి. ఆరేండ్ల పిమ్మట, 1897లో, ‘ప్రతాపరుద్రీయము’ వెలువడినది.

ఈ పేరునందే ఒక విశేషము కలదు. ప్రతాపరుద్రుని ఆస్థానమునందలి విద్యానాథుడు సంస్కృతమున రచించిన అలంకార గ్రంథమునకును ‘ప్రతాపరుద్రీయ’మని వ్యవహారము. అందు నాటక లక్షణములకు ఉదాహరణముగా ఆ రాజే నాయకుడుగా ఒక నాటకము చేర్చబడియున్నది. ఓరుగల్లు కోటలో రాజు వైభవమును కీర్తించిన గ్రంథముపేరును, ఆ కోట శిథిలమైన ఐదు శతాబ్దములకు పైబడి, శాస్త్రిగారు తమ నాటకమున కుంచిరి.

విద్యానాథుడు రాజు వైభవమును చెప్పగా, శాస్త్రిగారు ఆయన చెరను కథగా తీసికొనిరి. ఢిల్లీ సేనలు ప్రతాపరుద్రుని బంధించి కొనిపోవును. మంత్రి యుగంధరుడు పిచ్చివాడై శత్రునగరము చేరి, తన రాజును విడిపించుటయే గాక సుల్తానునే పట్టి తెచ్చును. ఈ ఉపాయమునకు మూలము కథాసరిత్సాగరములోని ఉదయనుని కథలో కనబడుచున్నది. అందు వత్సరాజు బందీ యగును. మంత్రి యౌగంధరాయణుడు ఉన్మత్తవేషమున పోయి విడిపించును. కథాసరిత్సాగరమును తెలుగు వచనమున వ్రాసిన శాస్త్రిగారికి అది కరతలామలకము. ఇదే కథపై భాసుడు రచించిన నాటకము త్రివేండ్రమునందు అచ్చయి పండితలోకమునకు తెలియవచ్చునది 1912లోనే. అప్పటికి ప్రతాపరుద్రీయము వెలువడి పదునైదేండ్లు గడచినవి.

చరిత్ర చెప్పునది వేరు. 1323లో ఓరుగల్లు కూలినది. బందీయైన ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకయే నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. శాస్త్రిగారు నాటకము వ్రాయునాటికి ఆ శాసనము చరిత్రకారులకు అందుబాటులో లేదు. రాజు తిరిగివచ్చెనను కథ తెలుగు ప్రతాపచరిత్రలలో నిలిచియున్నది. శాస్త్రిగారు దానినే గ్రహించిరి. చరిత్ర నర్మదయొడ్డున విడిచిన రాజును జనుల జ్ఞాపకము ఇంటికి తెచ్చుకొన్నది. నాటకము ఆ జ్ఞాపకము పక్షమున నిలిచినది. ప్రేక్షకులు యుగంధరునికి పట్టిన హారతి కేవలము అతని తెలివికి కాదు. పోయినదనుకొన్నది మరల రాగలదను ఆశకు.

ఆ ఆశకు నెల్లూరు తగిన చోటు. 1899లో ఇక్కడ శాస్త్రిగారి ప్రేరణచే ఆంధ్రభాషాభిమాని సమాజము వెలసి, ఆయన నాటకములను ప్రదర్శించినది. నెల్లూరికిని ఓరుగల్లుకును గల బంధుత్వము నాటిది కాదు. 13వ శతాబ్దమున మనుమసిద్ధి రాజ్యము కోల్పోగా, తిక్కన సోమయాజి ఓరుగల్లుకు పోయి గణపతిదేవుని సాయమర్థించెననియు, ఆ చక్రవర్తి సేనలతో వచ్చి మనుమసిద్ధిని సింహాసనమున నిలిపెననియు సంప్రదాయము చెప్పుచున్నది. పెన్న ఒడ్డున భారతము తెనిగించిన మహాకవి ఒకనాడు రాయబారిగా నడచిన మార్గము, 19వ శతాబ్దాంతమున రెండు ప్రభుత్వముల హద్దును దాటవలసివచ్చెను. బకింగ్‌హాం కాలువలో పడవలు నెల్లూరి తీరమునుండి చెన్నపట్టణమునకు సాగుచుండెను. జనుల వ్యాపారము, చదువు, కొలువు అన్నియు దక్షిణముఖముగనే యుండెను. అట్టి పట్టణమున తెరలేచి ఓరుగల్లు ప్రత్యక్షమైనప్పుడు, తమ ఇంటికి ఉత్తరపు వాకిలియు ఒకటి కలదని ప్రేక్షకులకు జ్ఞప్తికి వచ్చియుండును.

శాస్త్రిగారు ఆ దేశమును తెరలమీది కోటబొమ్మలతో మాత్రమే చూపలేదు. మాటలతో చూపిరి. రాజు, మంత్రి మొదలగువారు గ్రంథభాషలో మాటాడుదురు. చాకలి తన మాటలో మాటాడును. తురుష్క పాత్రల తెలుగులో హిందూస్థానీ పలుకులు కలియును. ఇది పాత్రోచితభాష యని ప్రసిద్ధికెక్కినది. నాగానందముననే దీనికి బీజము పడినది. పండితులనుండి ఆక్షేపణలును వచ్చినవి. వానికి సమాధానముగా ఆయన గ్రామ్యభాషా ప్రయోగమును సమర్థించుచు ఒక నిబంధనమును రచించిరి. సంస్కృత నాటకములలో పాత్రభేదమునుబట్టి ప్రాకృతములు వాడబడినట్లే, తెలుగు నాటకమున గ్రామ్యము వాడవచ్చుననుట ఆయన వాదసారము.

ఇందొక పరిమితియు కలదు. దానిని విద్యార్థులకు దాచనక్కరలేదు. పాత్ర అంతస్తునుబట్టి భాష నిర్ణయమగుచున్నది. పైవానికి గ్రంథభాష, క్రిందివానికి గ్రామ్యము. నాటకమున ఇంత ఉదారముగా వాడుకమాటను ఆహ్వానించిన శాస్త్రిగారు, గిడుగు రామమూర్తిగారి వ్యావహారిక భాషోద్యమమును మాత్రము వ్యతిరేకించి గ్రాంథికపక్షమున నిలిచిరి. వితంతు వివాహముల విషయమునను వీరేశలింగముగారికి ఎదురు నిలిచి గ్రంథము వ్రాసిరి. అయినను రచన ఒక్కొక్కప్పుడు రచయిత సిద్ధాంతమును దాటిపోవును. జనులు కంఠస్థము చేసికొన్నది రాజుగారి సంభాషణలను కాదు; యుగంధరుని పిచ్చిమాటలను, పేరిగాని పలుకులను.

1916లో శాస్త్రిగారు ‘బొబ్బిలి యుద్ధ’ నాటకమును రచించిరి. ఈ కథలో శత్రువు ఢిల్లీనుండి రాలేదు. 1757లో విజయనగరము, బొబ్బిలి అను రెండు తెలుగు సంస్థానముల వైరము ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను కోటగోడలవద్దకు తెచ్చినది. రెండు నాటకములను ప్రక్కప్రక్కన చదివినవారికి ఒక సంగతి స్ఫురింపకపోదు. నేల బయటివారివలన చీలుట ఒక విధము. ఇంటివారి పట్టుదలవలన చీలుట మరియొక విధము. రెండవదానికి యుగంధరుడు లేడు.

నాటకములకు తోడుగా ఆయన శృంగారనైషధమునకును, ఆముక్తమాల్యదకును విపులమైన వ్యాఖ్యానములు రచించిరి. జ్యోతిష్మతీ ముద్రాక్షరశాలను నెలకొల్పి గ్రంథములు ప్రకటించిరి. మహామహోపాధ్యాయ బిరుదము ఆయనకు లభించినది; ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. 1929 జూన్ 18వ తేదీన ఆయన కీర్తిశేషులైరి.

పిమ్మట సరిహద్దులు మరల మరల కదలినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. ఆయన పుట్టిన చెన్నపట్టణము దానికి వెలుపల నిలిచినది. తెలుగు నాటకపు తొలి కోటలలో ఒకటియైన బళ్లారి ఆ యేడే మైసూరు రాష్ట్రమున చేరినది. 1956లో నెల్లూరును ఓరుగల్లును ఒక్క రాష్ట్రమైనవి. 2014 జూన్ 2వ తేదీన మరల వేరైనవి. ఈ మార్పులలో ప్రతిదానికిని కారణములు కలవు. ప్రతి ప్రాంతమువారికిని తమ బాధ కలదు. నాటకము వానికి తీర్పు చెప్పదు, చెప్పనక్కరయు లేదు.

అయితే ఈ నాటకమును బోధించు ఉపాధ్యాయుడు రెండు విషయములను గుర్తుంచుకొనుట మేలు. ఒకటి: ఇందలి యుద్ధము 14వ శతాబ్దపు రాజుల యుద్ధము, ఇరుగుపొరుగు మతస్థులది కాదు. మొహరము దినములలో నెల్లూరి స్వర్ణాల చెరువులో హిందువులును ముస్లిములును ఒకరికొకరు రొట్టెలు ఇచ్చిపుచ్చుకొను నేటి దృశ్యము దీనికి చాలినంత వ్యాఖ్యానము. రెండు: దీనిని మౌనముగా చదివించరాదు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పాత్ర నిచ్చి, గొంతెత్తి చదివించవలెను. మంత్రి మాట, చాకలి మాట, తురుష్కుని మాట ఒకే గదిలో వినబడవలెను. శాస్త్రిగారు కట్టిన ఓరుగల్లు రాతికోట కాదు, ఆ మాటల కూటమియే. దానికి సరిహద్దు వేయుట ఇంతవరకు ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాలేదు.