గొరిల్లా మనసు తెల్సింది.. గుట్ట కింది మనిషే కండ్లవడలే

సినిమాలల్ల గొరిల్లా ఎట్లుంటది? రొమ్ము గుద్దుకుంటది, బిల్డింగులెక్కుతది, మనుషులను పట్టి ఇసిరేస్తది. చానా ఏండ్లు దునియ మొత్తం గట్లనే నమ్మింది. ఆ భయాన్ని తీసేసినోళ్లల్ల ముందువరుసల నిలవడే పేరు డయాన్ ఫాసీ. తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈమె కథ తెల్సుకోవాలె. మెచ్చుకునేది ఎంతున్నదో, నిలదీసేది సుత అంతే ఉన్నది.

1932ల అమెరికాల పుట్టింది. పశువుల డాక్టర్ కావాలనుకున్నది గాని ఫిజిక్స్, కెమిస్ట్రీల దెబ్బతిన్నది. దారి మార్చి, లూయివిల్ పట్నంల దివ్యాంగ పిల్లలకు థెరపీ జేసే కొలువుల చేరింది. అడవి గురించి కాలేజీల నేర్సుకున్నది ఏం లేదు. పైకెళ్లి ఉబ్బసం. అయినా 1963ల అప్పు జేసి ఆఫ్రికా పోయింది.

ఆడ లూయిస్ లీకీని కలిసింది. మనిషి పుట్టుకను పాత ఎముకలల్ల ఎతికే శాస్త్రవేత్త ఆయన. మనిషి పూర్వీకులు ఎట్ల బతికిన్రో ఎముకలు మొత్తం చెప్పలేవు, అందుకే మనకు దగ్గరి సుట్టాలైన వానరాలను బతికుండంగనే గమనించాలె అనేది ఆయన లెక్క. చింపాంజీల కాడికి అప్పటికే జేన్ గుడాల్‌ను పంపిండు. 1966ల గొరిల్లాల పని ఫాసీకి అప్పజెప్పిండు.

మొదలు కాంగోల దిగింది. ఆడ లొల్లి లేసేసరికి పక్క దేశం రువాండా చేరింది. 1967 సెప్టెంబర్‌ల కరిసింబి, విసోకె అగ్గికొండల నడుమ, సుమారు 10 వేల అడుగుల ఎత్తుల, రెండు డేరాలు ఏసింది. రెండు కొండల పేర్లు కలిపి కరిసోకె అన్నది.

ఎంటవడితే గొరిల్లాలు ఉరుకుతయ్. అందుకే ఆమె వాటి లెక్కనే వంగి నడిచింది, ఆకులు నమిలింది, కడుపునిండినప్పుడు అవి తీసే సప్పుడు తీసింది. ముక్కు మీది గీతలు గీసుకుని ఏది ఎవలో గుర్తువట్టింది. ఏండ్లు గడిస్తే 1970ల పీనట్స్ అనే మగ గొరిల్లా తనంతట తానే ఆమె చెయ్యి ముట్టింది.

గొరిల్లా శాంతజీవి అని ఆమె కంటె ముందే జార్జ్ షాలర్ రాసిండు. గాని ఒక్కొక్క కుటుంబాన్ని ఏండ్లకేండ్లు ఎంటవడి చూసింది ఫాసీ. ఎదిగిన ఆడవి పుట్టిన గుంపు ఇడిసి ఇంకో గుంపుకు పోతయని రాసింది. బయటి మగది కొన్నిసార్లు పసిపిల్లలను సంపుతదని సుత దాసకుండ రాసింది. ఇష్టమైన జీవి గురించి చేదు నిజం చెప్పుడు అల్కటి పని గాదు. గీ పనికే కేంబ్రిడ్జ్ ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది.

1977 డిసెంబర్ 31న వేటగాళ్లు డిజిట్‌ను సంపిన్రు. చిన్నప్పటికెళ్లి ఆమె కండ్లముంగట పెరిగిన గొరిల్లా అది. తల, చేతులు కోస్కపోయిన్రు. అప్పటికెళ్లి పరిశోధన పక్కకు పోయి యుద్ధం ముంగటికొచ్చింది. ఉచ్చులు పీకేసింది. అక్కడిదాక ఎవలు తప్పు వట్టరు. గాని దొరికిన వేటగాణ్ని దురద ఆకులతోని కొట్టింది, అడవిల మేసే పశువులను కాల్చింది, ఓ వేటగాని బిడ్డను పట్కొచ్చి పెట్టుకున్నది.

ఆడనే నా పంచాది. ఆ ఉచ్చులు ఎక్కువ పెట్టింది జింకల కోసం. పెట్టినోళ్లు గుట్ట కింది పేదోళ్లు. 1960ల చివర్ల అదే పార్కుల పెద్ద ముక్క నరికింది మాత్రం పైరెత్రం పంటకు. పురుగుమందుకు పనికొచ్చే పువ్వు అది, పరాయి దేశాలకు అమ్మే సరుకు. 1969ల రెండు గొరిల్లా పిల్లలను పట్టిచ్చింది జర్మనీల కొలోన్ జూ కోసం. గా సంగతి మీద ఫాసీ సుత కొట్లాడింది, సాదిన పిల్లలను ఆపలేకపోయింది. గాని పెద్దోళ్ల మీద కోపం కాయిదాలకెక్కితే, పేదోని మీద కోపం ఈపుకెక్కింది.

1985 డిసెంబర్ 26 రాత్రి ఆమెను గుడిసెల్నే నరికి సంపిన్రు. 53 ఏండ్లు. ఓ అమెరికా పరిశోధకునికి ఆయన లేకుండనే శిక్ష ఏసిన్రు, నమ్మినోళ్లు తక్కువ. డిజిట్ పక్కన్నే ఆమెను బొందవెట్టిన్రు.

1981ల ఆ కొండలల్ల గొరిల్లాలు 250కి అటుఇటు. 2016 లెక్కల 604. ఆమె మొండితనం లేకుంటే అన్ని మిగులుతుండెనా అంటే అనుమానమే. గాని పెరిగింది ఆమె ఒద్దన్న తొవ్వల సుత. టూరిస్టులను తోలుకపోవుడు ఆమెకు పడలే. ఇయ్యాల ఆ పైసలల్ల ఊర్లకు వాటా పోతున్నది. రోజూ గొరిల్లాల ఎంట నడిచేది, ఉచ్చులు తీసేది ఆ గుట్ట కింది ఇండ్ల పిల్లలే.

గొరిల్లా నమ్మాలంటే ఏండ్లకేండ్లు ఓపికవట్టి కూసోవాలని ఆమెకు తెల్సు. గా ఓపికల సగం ఊరోళ్ల కాడ కూసుంటే కథ ఇంకోతీరుగ ఉండు.