పొరక పట్టిన సాధువు

సాధువు అనంగనే మన కండ్ల ముందు ఒక బొమ్మ కనిపిస్తది. కాషాయం, రుద్రాక్షలు, ఎత్తు గద్దె, కాళ్లు మొక్కెటోళ్ల లైను. ఇయ్యాల నేను చెప్పే సాధువుకు ఇవేవీ లెవ్వు. ఒంటి మీద అతుకుల బట్టలు, చేతుల పొరక, నెత్తి మీద బోర్లిచ్చిన మట్టి చిప్ప. ఊర్లకు రాంగనే గుడి ఏడున్నదని అడిగేటోడు కాదు, మోరి ఏడ నిండిందో చూసేటోడు. ఆయనే గాడ్గే బాబా. మహారాష్ట్రల ఇంటింటికి తెలిసిన పేరు. బార్డర్ దాటి ఇటు మన దిక్కు వస్తే చానామంది పోరగాండ్లకు తెల్వదు. అందుకే రాస్తున్న.

1876 ఫిబ్రవరి 23న విదర్భల, అమరావతి జిల్లా షేండ్‌గావ్‌ల పుట్టిండు. ఈ అమరావతి ఆంధ్రలది కాదు, నాగపూర్ దిక్కున్నది. ఇంట్ల పెట్టిన పేరు డేబూజీ. బట్టలుతికే కులం. తండ్రి తాగుడుకు బానిసై, పిలగాడు చిన్నగున్నప్పుడే పోయిండు. తల్లి సఖూబాయి కొడుకును తీసుకొని తల్లిగారి ఊరు దాపురికి పోయింది. డేబూజీ అక్కడనే పసులు కాసుకుంట, ఎవుసం చేసుకుంట పెరిగిండు. బడి ముఖం చూడలే. మేనమామ షావుకారి దగ్గర అప్పు చేసిండు. మిత్తికి మిత్తి కలిసి ఆఖరికి భూమే పోయింది. తాగుడు, అప్పు, చదువు లేకపోవుడు. ఈ మూడు ఆయన పుస్తకంల చదివిన సంగతులు కావు, ఇంట్ల చూసినయి.

పెండ్లయినంక బిడ్డ పుట్టింది. తొట్టెలనాడు కులపోళ్లకు యాట కోసి సారా పోసుడు అక్కడి ఆచారం. డేబూజీ యాట కొయ్యలే, సారా పొయ్యలే. తీపి వండి భోజనం పెట్టిండు. అందరు గుర్రుమన్నరు. అయినా ఎనుకకు పోలే.

1905ల ఇల్లు ఇడిచిండు. భార్య కుంతాబాయి, పిల్లలు, తల్లి ఇంటికాడనే ఉన్నరు. ఆయన త్యాగం గురించి చెప్పేటప్పుడు ఈ ముచ్చట దాచొద్దని నేనంట. ఇంటి బరువు మోసింది ఆ ఆడోళ్లే. తర్వాత ఆయన చేతుల మీదికెళ్లి లక్షల రూపాయలు నడిచినయి గని, ఇంటోళ్లకు అందులకెళ్లి ఏం పెట్టలే. ఆయన కట్టించిన సత్రం పక్కన ఇంటోళ్లు గుడిసెల ఉన్నరని చెప్తరు. దీన్ని గొప్ప అనాల్నా, కఠినం అనాల్నా, మీరే ఆలోచించుకోండి.

మరాఠీల గాడ్గే అంటే మట్టి చిప్ప. తినేది అండ్లనే, తాగేది అండ్లనే, ఎండ కొడితే నెత్తి మీద బోర్లిచ్చేది దాన్నే. జనం అట్లనే పిలిచిండ్రు, అదే పేరైంది. ఊర్లకు రాంగనే పొరక తీసి బజారు ఊడ్సుడు షురూ చేసేటోడు. మోరీలు ఎత్తేటోడు. పని అయినంకనే బుక్కెడు తినేటోడు. ముందుగాల పిచ్చోడనుకున్నరు. ఇంత చూసినంక ఒక్కొక్కరు వచ్చి పక్కపొంటి పొరక పట్టిండ్రు. ఎవరన్న కాళ్లు మొక్కబోతే తిట్టి దూరం కొట్టేటోడు. మంత్రం ఇచ్చుడు లేదు, శిష్యుల మంద లేదు.

పొద్దుగూకినంక కీర్తన. పొద్దంత ఊరిని ఊడ్చిన మనిషి రాత్రి జనం మనసులను ఊడ్చేటోడన్నట్టు. చదువు రాకపోయినా ఏ పండితుడు పట్టలేనంత మందిని పట్టేటోడు. జనాన్నే ప్రశ్నలు అడిగి, జనం నోటనే జవాబు చెప్పిచ్చేటోడు. దేవుని పేరు మీద మూగజీవాలను బలి ఇయ్యొద్దు, అప్పు చేసి పెండ్లిళ్లు దినాలు చెయ్యొద్దు, తాగొద్దు, అంటరానితనం పాటించొద్దు. ఇవే ఆయన ముచ్చట్లు. అన్నిటికన్న గట్టిగ చెప్పింది చదువు గురించి. పైసల్లేకుంటె ఇంట్ల గిన్నెలు అమ్మి అయినా సరే పిల్లలను బడికి పంపుమనేటోడు.

బలి సంగతిల ఆయన మాట నేను మొత్తం ఒప్పుకోను. మన దిక్కు ఎల్లమ్మకు, పోచమ్మకు యాట పెట్టుడు మన బతుకుల కలిసిపోయింది, అది మన తిండి. గని అదే యాట కోసం మిత్తికి పైసలు తెచ్చుడు, ఊరంత దావత్ ఇయ్యకుంటె ఇజ్జత్ పోతదనుకునుడు, దీని మీద ఆయన వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉన్నదా?

ఆయన కొడుకు గోవింద్ చిన్న వయసులనే చనిపోయిండు. ఆ కబురు కీర్తన నడుస్తుండంగనే వచ్చిందని, ఆయన కీర్తన ఆపలేదని మహారాష్ట్రల ఇప్పటికీ చెప్పుకుంటరు.

జనం ఇచ్చిన పైసలన్ని ధర్మశాలలకు పెట్టిండు. పూర్ణా నది ఒడ్డున ఋణమోచన్ అనే తీర్థం ఉన్నది. పేర్లనే అప్పు తీరుడు ఉన్నది. జాతరకొచ్చిన జనం నీళ్లల్ల దిగేటందుకు అక్కడ మెట్లు కట్టించిండు. నాసిక్, దేహూ, ఆళంది, పండరిపురంల సత్రాలు లేపిండు. పెద్ద పెద్ద తీర్థాలల్ల గుళ్లకు తక్కువ లేదు, బీదోడు తల దాచుకునే జాగకే తక్కువ. ఆయన చూపు దాని మీదనే పడ్డది.

అన్నిట్ల నాకు పెద్దగ కనిపించేది పండరిపురంల కట్టిన చోఖామేళా ధర్మశాల. తొలి ఏకాదశికి మన ఆదిలాబాద్, నిర్మల్ దిక్కుకెళ్లి సుత జనం పోయేది ఆ పండరికే. చోఖామేళా 14వ శతాబ్దపు భక్తకవి, మహర్ కులపాయన. బతికున్నన్ని రోజులు విఠలుని గుడిలోపలికి రానియ్యలే. ఆ గుడి తలుపులు దళితులకు తెరుచుకున్నది 1947లనే, అది సుత సానే గురూజీ నిరాహారదీక్ష చేసినంక. అసొంటి ఊర్ల, దర్శనం లేకున్నా ఇంత దూరం నడిచొచ్చే దళిత భక్తులు ఎండల, వానల పడుండొద్దని బాబా ఆ సత్రం కట్టించిండు. 1949ల దాన్ని అంబేద్కర్ పెట్టిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి అప్పజెప్పిండు. గుడిని, గురువులను అంత గట్టిగ ప్రశ్నించిన అంబేద్కర్ ఈ సాధువును మాత్రం గౌరవించిండు. ఒకలది రాజ్యాంగం బాట, ఒకలది పొరక బాట. కొట్లాట మాత్రం ఒక్కదాని మీదనే.

1956 డిసెంబర్ 6న అంబేద్కర్ పోయిండు. సరిగ్గ 14 రోజులకు, డిసెంబర్ 20న, అమరావతి దగ్గర ప్రయాణంలనే గాడ్గే బాబా పోయిండు. ఇయ్యాల అక్కడి యూనివర్సిటీకి ఆయన పేరే ఉన్నది. 2000-01ల మహారాష్ట్ర సర్కారు ఊర్ల శుభ్రతకు పెట్టిన పోటీలకు సుత ఆయన పేరే పెట్టింది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఇగ మన ముచ్చటకొద్దాం. మనకు భక్తి తక్కువ లేదు. గణపతి మండపాలు గల్లీకొకటి లేపుతం, డీజే పెడతం, అన్నదానం చేస్తం. తెల్లారి ఆ ప్లాస్టిక్ ప్లేట్లు ఎవరు ఎత్తుతున్నరు? సఫాయి అన్న, సఫాయి అక్క. వాళ్లది ఏ కులమో చెప్పకుండనే అందరికీ తెలుసు. పున్నెం మనది, పొరక వాళ్లది. గాడ్గే బాబా తన బతుకంత ఈ పంపకాన్నే తిరగేసిండు. ఊడ్సుడు ఒక కులం పని కాదు, అది సుత పూజనే అని మాటల చెప్పలే, చేసి చూపెట్టిండు.

పొరక పట్టి ఒక ఫొటో దిగుడు అల్కగ అయితది. మండపం కాడ నిమజ్జనం అయిన తెల్లారి, కెమెరా లేకుండ, సఫాయోళ్లు రాకముందే పదిమంది లేచి జాగ ఊడ్సుడు కష్టం. ఈసారి కమిటీల చందాలు, డీజే లెక్కలు రాసుకునేటప్పుడు, తెల్లారి పొరక పట్టెటోళ్ల పేర్లు సుత రాయండి. ముందుగాల మీ పేరే రాసుకోండి.