చాపకూటికి బియ్యం పోసిందెవరు?

పల్నాటి బ్రహ్మనాయుడి పేరెత్తితే మనోళ్లకి ముందు గుర్తొచ్చేది కోడిపోరు. తర్వాత కారెంపూడి యుద్ధం, బాలచంద్రుడు. చాపకూడు సంగతి మాత్రం చివర్లో ఒక్క మాటగా వచ్చి పోద్ది. నన్నడిగితే ఆయన చేసిన అసలు పని అదే. అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని తిన్నాయని గొప్పగా చెప్పుకుంటాం. మరి ఆ బియ్యం ఎవరు పోశారు? ఈ లెక్క ఎవరూ అడగరు. అది అడగడానికే ఆయన కథ మళ్లీ చెప్తున్నా.

ఇది 12వ శతాబ్దం మాట. హైహయ వంశపు అనుగురాజు గురజాల రాజధానిగా పల్నాడు ఏలాడు. ఆయన దగ్గర మంత్రి దొడ్డనాయుడు. ఆ దొడ్డనాయుడి కొడుకే బ్రహ్మనాయుడు. అనుగురాజు పోయాక కొడుకు నలగామరాజు గద్దెనెక్కితే, మంత్రిగా రాజ్యం నడిపింది బ్రహ్మనాయుడే.

ఈ కథ మనదాకా వచ్చింది ముఖ్యంగా పాటగా. శ్రీనాథుడి పేరు మీద ద్విపద కావ్యం ఉంది. దాంతోపాటు తరతరాలుగా దీన్ని గొంతులో మోసుకొచ్చింది వీరవిద్యావంతులు, అంటే మాల కులపు గాయకులు. వాళ్ల పాటనే అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు. ఊరి బయట ఉంచిన వాళ్లే ఊరి చరిత్రని కాపాడారు. ఇది మర్చిపోవద్దు.

ఆ కథ ప్రకారం బ్రహ్మనాయుడు మూడు పనులు చేశాడు. ఒకటి, చాపకూడు. రెండోది, మాచర్ల చెన్నకేశవుడి గుడిలోకి అన్ని కులాలనీ రానిచ్చాడు. మూడోది, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు. ఈ మూడూ కలిపి చూడండి. కూడు పెట్టాడు, దేవుడి ముందు చోటిచ్చాడు, చేతికి అధికారమిచ్చాడు. ఒక పూట భోజనం పెట్టి, ఫొటో దిగి, ఎవరింటికి వాళ్లని పంపే యవ్వారం కాదది.

ఇక లెక్కకొద్దాం. ఆయన మంత్రి. గాదె తాళం ఆయన చేతిలో ఉంది. ఆ గాదెలోది రైతు పండించిందే, కూలోడి చెమటే. జనం సొమ్ముతో జనాన్ని ఒకచోట కూర్చోబెట్టాడని నేను అర్థం చేసుకున్నా. కలిసి బతకడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, గాదె కూడా తెరవాలి.

దానికి ఆయన కట్టిన ఖరీదు తక్కువేం కాదు. నాయకురాలు నాగమ్మ మంత్రిణిగా ఎదిగింది. రాజ్యం చీలింది. బ్రహ్మనాయుడు మలిదేవరాజు పక్షాన మాచర్ల చేరాడు. కోడిపోరులో ఓడి ఏడేళ్లు వలస పోవాల్సొచ్చింది. గడువు తీరాక రాయబారానికి వెళ్లిన అలరాజుని విషం పెట్టి చంపారు. కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బాలచంద్రుడు చచ్చిపోయాడు, కన్నమదాసూ పోయాడు. అంతా అయ్యాక పెద్దాయన గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు.

యుద్ధమంతా చాపకూటి వల్లే వచ్చిందని నేననను. గద్దె, పంతం, దాయాదుల పగ అన్నీ ఉన్నాయి. ఆడమనిషి మంత్రిగా ఏలిందన్న కసితో నాగమ్మ మీద మనోళ్లు వేసిన నిందలూ కొన్ని ఉన్నాయి. కానీ చాప ముక్కలైన చోట కత్తి లేచింది. అది మాత్రం నిజం.

ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారెంపూడిలో వీరుల ఉత్సవం జరుగుద్ది. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులం అడక్కుండా కూర్చుని తింటారు, మంచిదే. మిగతా మూడొందల అరవై రోజుల సంగతేంటి?

అదే నాగులేరు మా దాచేపల్లికీ వస్తుంది. దాచేపల్లి 2020లో నగర పంచాయతీ అయ్యింది. సున్నం బట్టీలు, క్వారీలు, మిర్చి, పత్తి. కూలికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. బజారుకొక కులం, గుడి, మసీదు, చర్చి. వినాయకుడి పందిరికి చందా రసీదు పుస్తకం ఉంటది. ఉరుసుకి ఉంటది, క్రిస్మస్‌కి ఉంటది. మూడు బజార్లూ కలిసి కూర్చునే పనికి మాత్రం రసీదు పుస్తకం ఎవరూ కొట్టించరు. గొడవయ్యాక పోలీస్ స్టేషన్లో శాంతి కమిటీ వేస్తారు, టీ తాగి లేస్తారు. అదీ మన ఐకమత్యం ఖర్చు.

పంజాబులో గురునానక్ మొదలెట్టిన లంగరు ఐదొందల ఏళ్లుగా ఆగలేదు. ఎందుకంటే సంపాదనలో పదోవంతు ఇవ్వాలనే దశవంధం పద్ధతి దానికి తోడుంది. మన చాపకూడు ఏడాదికోసారి గుర్తొచ్చే పండగైపోయింది, ఎందుకంటే దాని వెనక రోజూ నిండే గాదె లేదు.

అందుకే నగర పంచాయతీని అడుగుతున్నా. బడ్జెట్లో సీసీ రోడ్డుకి, డ్రైనేజీకి పద్దు ఉన్నట్టే, జనం కలవడానికీ ఒక పద్దు పెట్టండి. ఏ కులపోడైనా, ఏ మతపోడైనా ఒకటే అద్దెకి పెళ్లి చేసుకునే హాలు కట్టండి. అన్ని బజార్ల పిల్లలూ కలిసి చదివే లైబ్రరీ, ఆడే గ్రౌండు ఇవ్వండి. వాటిని నడిపే కమిటీలో ఎస్సీ కాలనీ ఆడోళ్లు, ముస్లిం బజారోళ్లు, బట్టీ కూలీలు ఉండాలి. సంతకం పెట్టే హక్కు కూడా వాళ్లకుండాలి. కన్నమదాసుకి ఇచ్చింది ఉత్త విస్తరి కాదు, సైన్యం. లెక్కలు నెలనెలా గోడ మీద అంటించండి.

బ్రహ్మనాయుడికి విగ్రహం పెట్టడానికి మనోళ్లు ఎప్పుడూ రెడీనే. ఆ డబ్బుతో ముందు చాప కొనండి.