ఫాస్ఫరస్‌కు లెక్క నేర్పిన యల్లాప్రగడ

నరసరావుపేటలోనో, మాచర్లలోనో రక్తపరీక్ష చేయించుకుంటే కొన్నిసార్లు రిపోర్టులో క్యాల్షియం పక్కనే ఫాస్ఫరస్ అని ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. రక్తంలో ఫాస్ఫరస్‌ను తేలిగ్గా లెక్కగట్టే దారి చూపిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపైంది. దాంతో ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరుల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్దిరోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది.

మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సీటైతే దొరికింది గానీ ఉపకారవేతనం లేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ చదువుకున్నారు. తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

వీరిద్దరూ 1925లో ప్రచురించిన పద్ధతి ఇదీ: రక్తంలోంచి ప్రొటీన్లు తీసేస్తారు. మిగిలిన ద్రవంలో మాలిబ్డేట్, ఆపైన ఇంకో రసాయనం కలుపుతారు. నీలి రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచంలోని ల్యాబ్‌లన్నిటికీ పాకింది.

బీపీ ఉన్నవారికి ఈ లెక్కతో పనేంటి? మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో క్యాల్షియం తగ్గకుండా చూసేది ఇవే. వీటిలో ఒకటి అదుపు తప్పి ఎక్కువగా పనిచేస్తే ఎముకల్లోని క్యాల్షియం రక్తంలోకి వచ్చేస్తుంది, ఫాస్ఫరస్ మూత్రంలో పోతుంది. ఇలాంటివారిలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. క్యాల్షియం పెరిగి ఫాస్ఫరస్ తగ్గితే పారాథైరాయిడ్‌ను అనుమానించాలి. ఏళ్ల తరబడి బీపీతో కిడ్నీలు బాగా దెబ్బతిన్నప్పుడు ఇందుకు తిరగబడుతుంది: ఫాస్ఫరస్ పెరుగుతుంది, క్యాల్షియం తగ్గుతుంది. డెసిలీటరు రక్తంలో క్యాల్షియం సుమారు 8.5-10.5, ఫాస్ఫరస్ 2.5-4.5 మిల్లీగ్రాములు ఉండాలి. ల్యాబ్‌ను బట్టి కాస్త తేడా ఉండొచ్చు.

పల్నాడులో కొన్ని ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే ఎముకలు నొప్పి పెడితే నీళ్ల వల్లేనని సరిపెట్టుకుని, మందుల షాపులో క్యాల్షియం బిళ్లలు కొని వేసుకుంటుంటారు. బీపీతో పాటు ఎముకల నొప్పులు, మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు ఉంటే ముందు డాక్టర్‌కు చెప్పి ఈ పరీక్షలు చేయించుకోవాలి. అవసరమైతే పీటీహెచ్ పరీక్ష రాస్తారు. క్లోర్‌థాలిడోన్ వంటి కొన్ని బీపీ మాత్రలు కూడా క్యాల్షియాన్ని పెంచుతాయి. కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు. గ్రంథికి ఆపరేషన్ జరిగినా బీపీ అందరికీ తగ్గదు. ఎముకలకు, కిడ్నీలకు మాత్రం మేలు జరుగుతుంది.

ఫాస్ఫరస్‌ను వెతుకుతూనే ఫిస్క్, సుబ్బారావులు 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. కణాలకు శక్తినిచ్చేది ఏటీపీయే. ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు మందు, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, క్యాన్సర్‌పై వాడిన అమినోప్టెరిన్ అక్కడ ఆయన బృందాల చేతి చలవే. సోదరుల్ని బలిగొన్న స్ప్రూకు చివరికి ఫోలిక్ యాసిడ్ మందైంది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన గుండె ఆగింది. అప్పటికి వయసు 53. అమెరికా వెళ్లాక ఒక్కసారైనా స్వదేశానికి రాలేకపోయారు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.