కణానికి ఇంధనం చూపిన యల్లాప్రగడ సుబ్బారావు

1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించింది. లక్షలాది మంది ఊరు విడిచి వెళ్ళారు. ఉన్నవారికి టెట్రాసైక్లిన్ పంచారు. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుండి వచ్చింది. అక్కడి పరిశోధనలకు అధిపతి ఒక తెలుగువాడని మీరు విని ఉండవచ్చు. ఈ పాఠానికి మాత్రం ఆయన అంతకు ఇరవై ఏళ్ళ ముందు చేసిన పని ముఖ్యం.

సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. 1920ల తొలి ఏళ్ళలో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకొన్నారు. తరువాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే వద్ద చేరారు.

రక్తంలో, మూత్రంలో ఉన్న ఫాస్ఫేటును నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. చూడటానికి చిన్న పనే! కాని దానితోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో గుర్తించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నారు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల ముడుచుకుంటుందని అంతవరకు నమ్మేవారు; ఆ సిద్ధాంతానికి దోహదం చేసిన పరిశోధనలకు నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడటంతో ఆ నమ్మకం కదిలింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీకి వెళ్ళారు. 1948 ఆగస్టులో, 53వ ఏట మరణించారు.

ఇప్పుడు మీ పిడికిలి బిగించండి. కండరకణాల్లో మయోసిన్ అణువులు ఆక్టిన్ తంతువులను లాగాయి. ప్రతి లాగుకూ ఎ.టి.పి. ఖర్చవుతుంది. అది అందకపోతే మయోసిన్ పట్టు వదలదు. మరణించిన కొన్ని గంటలకు శరీరం బిగుసుకుపోయేది అందుకే. ఇతర కణాల్లోనూ ఇటువంటి తంతువులే అస్థిపంజరంలా ఆకారాన్ని నిలుపుతాయి. కైనెసిన్ అనే ప్రోటీను ఒక్క ఎ.టి.పి. అణువు ఖర్చుతో తంతువు మీద 8 నానోమీటర్ల అడుగు వేస్తుంది.

ఇటువంటి వేల తంతువులు ఒకేసారి కదిలితే ఏమవుతుందో కంటితో చూసి చెప్పలేం. అందుకే శాస్త్రజ్ఞులు ప్రతి తంతువు బిరుసును, ప్రతి అడుగు వేగాన్ని కంప్యూటరుకు ఇచ్చి, కణంలోని కదలికను అనుకరింపజేస్తారు. తెరపై వచ్చిన అమరికను సూక్ష్మదర్శినిలో కనిపించినదానితో పోల్చుతారు. పొసగకపోతే లెక్క మార్చాలి. అయితే వేగం, ఖర్చు వంటి అంకెలను కంప్యూటరు తానుగా పుట్టించలేదు. అవి ప్రయోగశాల నుండి, ఎ.టి.పి. విడిపోయినప్పుడు వెలువడే ఫాస్ఫేటును కొలవడం వంటి పనుల నుండి రావాలి.